తుమ్మికూరకు పేరెవరు పెట్టారు

కండక్టరుగా చేరిన నాటి నుంచి దిగిపోయిన నాటి దాకా నేను రోజూ డైరీ రాశాను. ఇప్పటికీ రాస్తున్నాను గాని, ఇప్పటి పేజీల్లో మాత్రలు వేసుకున్న వేళలూ మొక్కలకు నీళ్లు పోసిన సంగతులూ తప్ప పెద్దగా ఏమీ ఉండవు. మొన్న అటక మీది నుంచి పాత డైరీలు దించి దుమ్ము దులుపుతుంటే ఒక విషయం కంటబడింది. ఏటా వినాయక చవితికి ముందురోజు పేజీలో తప్పకుండా ఒక మాట ఉంది: "తుమ్మికూర ఎక్కింది." ఒక్క ఏడాది మాత్రం దాని పక్కనే "దిగలేదు" అని రాసి ఉంది. ఆ రోజు రాత చోటు చాలక అంచుల్లోకి కూడా పాకింది. ఈ మధ్యే ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నా దగ్గరికి వచ్చి "అనుభవం చెప్పండి సార్" అంటుంటారు. టికెట్ మిషన్ గురించి మీకే నాకన్నా బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఇలాంటి రోజుల గురించే.

తుమ్మి తెలియనివాళ్లకు రెండు మాటలు. వానలు పడ్డాక చేను గట్ల మీద, బీళ్లలో, పత్తి సాళ్ల మధ్య మోకాలెత్తు పెరిగే మొక్క అది. కణుపు కణుపుకూ ఆకుపచ్చని గుండ్రటి బుడిపె, దాని చుట్టూ తెల్లని చిన్న పూలు. ఆకు చేదు. ఏడాదంతా అది కలుపే, కూలీలు పీకి గట్టున పారేస్తారు. వినాయక చవితి నాడు మాత్రం అది కూర. మా దిక్కు ఆ రోజు తుమ్మికూర నోట్లో పడకపోతే పండుగ చేసినట్టు కాదు. తెల్లవారితే మళ్లీ కలుపే. ఒక్కరోజు రాజ్యం చేసే మొక్క ఇంకొకటి నాకు తెలియదు.

నేను పుట్టింది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కున. ఉద్యోగమంతా పాలమూరు వైపే గడిచింది. చివరి ఏళ్లలో కొత్తకోట నుంచి హైదరాబాదు పోయే పొద్దుటి ఆర్డినరీ బస్సు నాది. బస్సు పాతది, పైన సామాన్లు పెట్టే క్యారియర్ ఉండేది. అందుకే కూరగాయల వాళ్లు, మేకపిల్లల వాళ్లు, బుట్టల వాళ్లు అద్దాల బస్సులను వదిలేసి మా బస్సు కోసం చూసేవాళ్లు.

మా డ్రైవరు పాలమూరు పట్నం మనిషి. అందరికీ "భాయ్". వాళ్ల తండ్రి యునానీ మూలికల దుకాణం నడిపేవాడు. తుమ్మికి తుమ్మి అనే పేరెందుకొచ్చింది అనే విషయం మీద మా ఇద్దరికీ ఏళ్ల తరబడి పంచాయితీ నడిచింది. ఎప్పుడు మొదలైందో డైరీలో ఉంది గాని, ఎందుకు మొదలైందో లేదు.

"మా అబ్బాజాన్ దీన్ని గూమా అంటుండెనన్నా" అనేవాడు భాయ్. "జలుబు చేస్తే ఆకు నలిచి ముక్కుల రెండు చుక్కలు పోస్తుండె. ఇగ జూస్కో, తుమ్ములే తుమ్ములు. గందుకే మీరు తుమ్మి అన్నరు. గిందుల పరేషాన్ ఏమున్నది?"

"మిరపకాయ ఘాటుకు గూడ తుమ్ములొస్తయి గద భాయ్. మరి దాన్ని తుమ్మికాయ అని ఎందుకనలే?" అనేవాణ్ణి నేను.

నా వాదన వేరు. తుమ్మి పూసిన బీడులో పొద్దున్నే నిలబడితే తుమ్మెదల రొద తప్ప ఇంకేమీ వినబడదు. చిన్నప్పుడు మర్రిగూడ బీళ్లలో మేకల వెంట తిరిగిన చెవులు నావి. తుమ్మెద వాలే మొక్క కాబట్టే తుమ్మి అయిందని నా నమ్మకం.

"తుమ్మెద బీరపువ్వు మీద గూడ వాలుతదన్నా. బీరకాయకేం పేరు పెడ్తవ్ మరి?" అని భాయ్ గేరు మార్చేవాడు. అక్కడితో ఆ ట్రిప్పుకు వాదన ముగిసేది.

తీర్పు చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉండేది. కొత్తకోట దాటాక వచ్చే ఒక ఊరి స్టేజీలో ఏటా చవితి ముందురోజు నలుగురు ఆడవాళ్లను వెంటేసుకొని తుమ్మి బస్తాలతో ఎక్కే ఒక అవ్వ. ఒంట్లో కండ లేదు గాని గొంతులో ఉంది. నేనెప్పుడు అడిగినా ఒకటే జవాబు.

"అవ్వా, తుమ్మికి ఆ పేరెందుకొచ్చిందో నువ్వన్న చెప్పరాదే?"

"నీకు కండక్టరని ఎందుకు పేరు పెట్టిన్రో ముందు నువ్ చెప్పు, గప్పుడు నేను చెప్త."

కొత్త జిల్లాలు వచ్చిన మరుసటి ఏడు అది. మనం పాలమూరోళ్లమా, కాదా అని వేరే జిల్లాలో పడ్డ కొత్తకోట ప్రయాణికులు ఇంకా బస్సులో వాదించుకుంటూనే ఉన్నారు. చవితి ముందురోజు. అంతకుముందు ఏడాది అవ్వ రాలేదు. నలుగురే వచ్చి, "జొరమొచ్చి పండింది" అని చెప్పారు. ఈసారి స్టేజీ దగ్గర అందరికన్నా ముందు నిలబడి చెయ్యెత్తింది.

"ఏందవ్వా, పోయినేడు ఎగ్గొట్టినవ్?" అన్నాడు భాయ్.

"నేనెక్కడ ఎగ్గొట్టిన బిడ్డా, యముడే ఎగ్గొట్టిండు. దగ్గరిదాన్క వచ్చి నా గొంతు విని వాపస్ పోయిండు."

బస్తాలన్నీ పైకెక్కించాం. నాలుగు బస్తాలు నలుగురివి. అయిదోది అవ్వది. మిగతావాటి కన్నా పెద్దది, తడి గోనెపట్టా రెండు చుట్లు చుట్టి ఉంది. కోసిన తుమ్మి ఎండ తగిలితే మధ్యాహ్నానికే తల వాల్చేస్తుంది. అందుకని పైకెక్కించాక కూడా ఆమె కిందనుంచి "ఈ మూల గాదు, నీడ దిక్కు" అని నన్ను అటూ ఇటూ తిప్పింది.

ఆ బస్తా సంగతి జడ్చర్ల వచ్చేలోపు తెలిసింది. అవ్వ ఒకప్పుడు పదేళ్లు హైదరాబాదులో మేడల పనుల మీద సిమెంటు గమేళా మోసింది. మోకాళ్లు పోయాక ఊరొచ్చేసింది. ఆ పనుల్లో ఉన్న పాలమూరు కూలీలకు పండుగకు సెలవు దొరకదు. వాళ్లు పొద్దున కూలిపని కోసం నిలబడే అడ్డ మీదికి ఏటా ఆమె ఈ బస్తా తీసుకుపోతుంది. మిగతా నలుగురూ బజారులో కూర్చొని అమ్ముకుంటారు. ఆమె బస్తా మాత్రం నేరుగా అడ్డకే.

"పోయినేడు పోలే. ఈ యేడు గూడ పోకపోతే ముసల్ది సచ్చిందనుకుంటరు బిడ్డా" అంది. "పండుగ పూట ఆళ్లతోని ఏడిపిచ్చుడు మంచిగుండదు."

"ఫోన్ చేసి బతికే ఉన్నని చెప్పరాదూ?"

"ఫోన్ల కూర పోతదా?"

బాలానగర్ దాటిన కొంతసేపటికి బస్సు కింద ఏదో కొరికినట్టు శబ్దమైంది. భాయ్ గేరు వేస్తే పడలేదు. మళ్లీ వేశాడు. పడలేదు. బండిని పక్కకు లాగి ఆపి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకొని, "క్లచ్ పోయిందన్నా. ఇయ్యాల మనం హైదరాబాద్ జూడం" అన్నాడు.

డిపోకు ఫోన్ చేశాను. వ్యాన్ పంపుతాం, సాయంత్రమవుతుంది, బండిని వెనక్కి లాక్కుపోవాలి అన్నారు. అప్పటి నుంచి నా పని ఒక్కటే: వెనక వచ్చే బస్సులను ఆపి ప్రయాణికులను ఎక్కించడం. పండుగ ముందురోజు కదా, వచ్చిన ప్రతి బస్సూ మెట్ల దాకా నిండి ఉంది. ఇద్దరిని ఒకదాంట్లో, ముగ్గురిని ఒకదాంట్లో కుక్కాను. మనుషులను తీసుకున్నారు గాని బస్తాల మాటెత్తితే ఆ కండక్టర్లందరూ చేతులు జోడించారు. వాళ్ల బస్సులకు పైన క్యారియర్లు లేవు, లోపల కాలు పెట్టే జాగా లేదు. వాళ్లనేం అనలేం.

చివరికి మిగిలింది అయిదుగురు ఆడవాళ్లు, అయిదు బస్తాలు, మేమిద్దరం, ఒక రిటైరైన తెలుగు పండితుడు. పండితుడు కంటి పరీక్షకు పోతున్నాడు. "నిలబడి పోయే వయసు కాదు నాయనా. సీటున్న బస్సు వచ్చేదాకా ఉంటాను" అని మా బస్సు నీడలోనే చేతిసంచి వేసుకొని కూర్చున్నాడు.

బస్తాలు దించాం. అవ్వ గోనెపట్టాల మీద నీళ్లు చల్లుతూ రోడ్డు దిక్కే చూస్తోంది. నలుగురిలో చిన్నది ఒక కొత్తకోడలు. ఆ ఏడే మొదటిసారి వచ్చిన పిల్ల. ఏడుపు మొహం పెట్టింది. "రేపు దాటితే దీన్ని మేకలు గూడ వాసన సూడయి గదా సారూ" అంది.

ఆలోచన భాయ్‌ది. "అన్నా, బజారుకు మనం పోలేకపోతే బజారే మన ముంగట్నుంచి పోతున్నది గద" అని రోడ్డు చూపించాడు. బెంగుళూరు రోడ్డు. కార్ల మీద కార్లు హైదరాబాదుకు పరుగెడుతున్నాయి.

ఆడవాళ్లు కట్టలు కట్టి బస్సు పక్కన పేర్చారు. భాయ్ పూలున్న ఒక పెద్ద కట్ట తెచ్చి బస్సు అద్దానికి వేలాడదీశాడు. నేను బస్సులో పడి ఉన్న ఒక అట్టపెట్టె చించి బోర్డు తయారుచేశాను. నా చేతిరాత బాగుంటుందని డిపోలో పేరు. ఏం రాయాలన్నది పండితుణ్ణి అడిగాం. అడగడమే ఆలస్యం.

"ఈ మొక్కకు సంస్కృతంలో ద్రోణపుష్పి అని పేరు. ద్రోణమంటే దొన్నె. పువ్వు చూడండి, చిన్న దొన్నెలాగా లేదూ? తేనె ఆ దొన్నెలోనే ఉంటుంది. తుమ్మి అంటే చదువుకున్నవాళ్లు ఆగరు. ద్రోణపుష్పి అని రాయండి, ఆగి తీరతారు."

గుండ్రటి అక్షరాలతో "ద్రోణపుష్పి" అని రాసి రాయి ఆనించి నిలబెట్టాను. పండితుడి మాట నిజమే, ఆగారు. మొదట ఆగిన కారులోంచి ఒకాయన తల బయటపెట్టి, "షుగరుకు పనిచేస్తుందా?" అన్నాడు. "మాత్రలున్నాయా, పొడేనా?"

"మాత్రలుండయి బిడ్డా, మట్టుంటది. కడుక్కొని వండుకోవాలె" అంది అవ్వ.

అద్దం పైకి పోయింది, కారు ముందుకు పోయింది. రెండో కారాయన మోకాళ్ల నొప్పులకు నూనె అడిగాడు. మూడో ఆయన డాక్టరుగారు ఎక్కడ కూర్చుంటారని అడిగాడు. పండితుడు దొన్నె గురించి మొదలుపెట్టగానే ఆయన కూడా వెళ్లిపోయాడు.

"పంతులు సారూ, పేరు మంచిగనే ఉన్నది గని దవాఖాన వాసనొస్తాంది" అన్నాడు భాయ్. పండితుడే ముందు నవ్వాడు. "ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను నాయనా, ఒక్క పిల్లవాడూ మధ్యలో లేచిపోలేదు. ఇక్కడ ముగ్గురు పోయారు" అన్నాడు.

కొత్తకోడలు అట్ట తిప్పి నా ముందు పెట్టింది. "సారూ, తుమ్మికూర అని పెద్దగ రాయి. కింద రేపే పండుగ అని రాయి. తెల్సినోళ్లు ఆగుతరు, తెల్వనోళ్లు పోతరు."

రాశాను. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఒక తెల్లకారు మమ్మల్ని దాటి చాలా దూరం పోయి, ఉన్నట్టుండి ఆగి, పక్కనుంచే వెనక్కి వెనక్కి వచ్చింది. అది చాలా ప్రమాదకరమైన పని, మీరు ఎప్పుడూ చేయకండి. అందులోంచి ఒకావిడ తలుపు పూర్తిగా తెరవకముందే దిగి, "తుమ్మికూరనా? నిజం తుమ్మికూరనా?" అంటూ కట్ట ముక్కు దగ్గర పెట్టుకుంది. వాళ్ల అమ్మ నల్లగొండ మనిషట. పెసరపప్పులో వేసి వండేదట. డ్రైవింగ్ సీట్లో ఉన్న ఆయన "ఈ గడ్డి కోసమా రివర్సు?" అన్నాడు. "నోరు ముయ్యండి, రేపు తింటరుగా" అంది ఆమె.

అక్కడి నుంచి ఆగేవాళ్లు ఆగుతూనే ఉన్నారు. ఒక కారు ఆగి ఉండటం చూసి ఇంకొకరు ఆగుతారు, అది మన జాతి లక్షణం. భాయ్ జలుబు చేసిన ఒక కుర్రాడికి ముక్కులో రెండు చుక్కల వైద్యం చెప్పి, పనిలో పనిగా తన తుమ్ముల వాదన వినిపించి ఒక కట్ట అంటగట్టాడు. అవ్వ ఒక చిన్నపాపకు పువ్వు తెంపి చేతికిచ్చి, "ఎన్క దిక్కు పీల్చు బిడ్డా" అంది. వాళ్ల అమ్మ "ఛీ, కడగలేదు" అనేలోపే పాప పీల్చి ఇంకోటి అడిగింది. నేను నా తుమ్మెద వాదన వినిపించబోతే ఎవరూ వినలేదు. పండితుడికి కూడా చివరికి ఒక బేరం దొరికింది. అపార్ట్‌మెంటులో వినాయకుణ్ణి నిలబెడుతున్న ఒకాయన పత్రి కోసం తిరుగుతున్నాడు. ద్రోణపుష్పి అన్న మాట వినగానే రెండు కట్టలు తీసుకొని, "ఇరవయ్యొక్క పత్రిలో ఇది ఎన్నోదండీ?" అని అడిగాడు.

పండితుడు అబద్ధం ఆడలేదు. "అందులో లేదండీ. ఇరవై రెండోదిగా పెట్టండి, ఆయన ఏమీ అనుకోడు" అన్నాడు.

నలుగురి బస్తాలూ అడుగంటాయి. కొత్తకోడలు బోర్డు పట్టుకొని రోడ్డు అంచున నిలబడి మార్కెట్లో పుట్టినట్టు అరుస్తోంది. అవ్వ బస్తా మాత్రం మూతి విప్పలేదు. ఆమె దాని మీదే కూర్చొని ఉంది. ఒకాయన వచ్చి, మా కాలనీ మొత్తానికి కావాలి, బస్తా బస్తా ఇచ్చేయమని అడిగాడు. ఎంతంటే అంత ఇస్తానన్నాడు.

"అమ్మకానికి గాదు" అంది అవ్వ.

"అమ్మనిదానివి రోడ్డు మీద ఎందుకు కూర్చున్నవ్?"

"బస్సు ఖరాబైంది గన్క. గిది వేరేటోళ్ల కూర బిడ్డా. నాది గాన్ది నేనెట్ల అమ్ముత?"

ఆయన పోయాడు. నలుగురు ఆడవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇచ్చేస్తే అయిపోతుండె గదనే, ఎండిపోతే ఎవలకు గాకుంట పోతది" అంది ఒకామె మెల్లగా. అవ్వ గోనెపట్టా ఎత్తి చూసింది. పై వరస ఆకులు అప్పటికే వడలడం మొదలైంది. మా సీసాల్లో ఉన్న తాగేనీళ్లు కూడా దాని మీదే పోసేశాం. పొద్దు పడమటికి వాలింది. అంతసేపు ఎవరో ఒకరిని ఏదో ఒకటి అంటూనే ఉన్న గొంతు ఆగిపోయేసరికి నాకు ఆ జాగా అంతా బోసిగా అనిపించింది. అప్పటిదాకా నవ్వులాటగా గడిచిన రోజు అక్కడ కాసేపు నవ్వు మరిచిపోయింది.

అప్పుడొచ్చింది రాయచూరు లారీ. బియ్యం లోడు. ఆగిపోయిన బండి కనిపిస్తే డ్రైవరన్నవాడు ఆగి ఏమైందని అడగడం రోడ్డు మీద పాత మర్యాద. ఆ డ్రైవరు దిగి, భాయ్‌తో కలిసి బస్సు కిందికి తొంగి చూసి, పెదవి విరిచి, లేచి నిలబడ్డాడు. లేవగానే బస్సు అద్దానికి వేలాడుతున్న తుమ్మికట్ట అతని మొహానికి తగిలింది. దాన్ని చేత్తో పట్టుకొని చూశాడు.

"ఇదు తుంబె అల్వా!" అన్నాడు.

పండితుడు కూర్చున్నచోటి నుంచి లేచాడు. "ఏమన్నావు నాయనా? మళ్లీ అను."

"తుంబె. తుంబె హూవు. శివనిగె..." అని ఆగి, మా కోసం తెలుగులోకి మారాడు. రాయచూరు వాళ్లకు రెండూ వస్తాయి. "శివునికి ఇష్టము సార్ ఈ పువ్వు. శివరాత్రికి మా అమ్మ నన్ను పంపేది, తుంబె ఏరుకొని రా అని. నేను సగం తేనె తాగి సగం తెచ్చేవాణ్ణి. అమ్మకు తెలిసిపోయేది."

"ఎట్ల తెల్సేది?" అంది అవ్వ. చాలాసేపటి తర్వాత ఆమె నోరు విప్పింది అప్పుడే.

"నోటి చుట్టూ పసుపు పొడి అంటేది అవ్వా."

"ఆకు వండుకోరా మీరు?"

"ఆకు తినము. పువ్వు దేవునికి."

"దేవునికి పువ్వు, మనకు ఆకు. ఎవలు పంచిన్రో గని మంచిగనే పంచిన్రు" అంది.

నా ప్రాణం ఇంకో ప్రశ్న మీద ఉంది. "తుమ్మెదను మీ భాషల ఏమంటరు?" అని అడిగాను.

"దుంబి అంటాము సార్."

నేను భాయ్ మొహం చూశాను. పండితుడు రెండు చేతులూ చరిచాడు. "తుంబె, దుంబి! తుమ్మి, తుమ్మెద! తమిళులు కూడా తుంబై అంటారు. కండక్టరుగారూ, మీ మాటలో పస ఉంది. అయితే పువ్వు పేరు పురుగుకు వచ్చిందా, పురుగు పేరు పువ్వుకు వచ్చిందా అన్నది మాత్రం నేను చెప్పలేను. సంస్కృతం దీన్ని దొన్నె అని పైనుంచి చూసి పోయింది. మనవాళ్లు దగ్గరికొచ్చి రొద విన్నారు."

"నేనొప్పుకోనన్నా" అన్నాడు భాయ్. "కన్నడపాయనకు జలుబు చేస్తే ఏం జేస్తరో గది గూడ అడుగు."

నేను అడగలేదు. గెలిచినవాడు ఎక్కువ ప్రశ్నలు అడగకూడదు. అదీగాక భాయ్ అప్పటికే ఇంకో పనిలో ఉన్నాడు. లారీ ఆయన భుజం మీద చెయ్యి వేసి, అవ్వ బస్తానూ, అడ్డ మీది మనుషులనూ, పోయిన ఏడాది జ్వరాన్నీ, అన్నీ రెండు నిమిషాల్లో చెప్పేశాడు. లారీ ఆయన అంతా విని, చేతిలో ఉన్న కట్టలోంచి ఒక పువ్వు తెంపి, వెనక వైపు పీల్చి, "ఎక్కు అవ్వా" అన్నాడు.

ఇక్కడ మీరు ఒకటి గమనించాలి. నా టికెట్ తీసుకున్న ప్రయాణికురాలిని నా చేతులతో నేను లారీ ఎక్కించాను. అది నిబంధనల పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు. నేను కొంచెం తటపటాయించి లారీ నంబరు డైరీలో రాసుకున్నాను. అది చూసి అవ్వ, "ఎందుకు రాస్తున్నవ్ సారూ, నన్నెత్తుకపోయేటంత ధైర్నం ఎవనికున్నది?" అంది. లారీ డ్రైవరు నిజంగానే ఒకడుగు వెనక్కి వేశాడు.

ఎక్కించడం అంత తేలిక కాలేదు. లారీ మెట్టు ఆమె నడుమెత్తు ఉంది. భాయ్ బస్సులోంచి పనిముట్ల పెట్టె తెచ్చి వేశాడు. నలుగురూ వెనకనుంచి తోశారు. "నన్ను గాదే, ముందు బస్తా! మెల్లగ, కూర నలుగుతది!" అని అరుస్తూనే ఉంది. ఎవరో బస్తా అందించారు. దాన్ని ఒళ్లో పెట్టుకొని, చుట్టూ చేతులు వేసి, సీటు నిండా కూర్చుంది. లారీ కదిలాక కూడా గొంతు వినబడింది, ఆయనకు ఏదో చెబుతోంది. పాపం, హైదరాబాదు దాకా చెప్పి ఉంటుంది.

తర్వాత సీటున్న బస్సొకటి దొరికి పండితుడు వెళ్లిపోయాడు. నలుగురు ఆడవాళ్లు ఖాళీ గోనెలు మడతపెట్టుకొని ఊరి దిక్కు బస్సెక్కారు. వ్యాన్ వచ్చి మా బస్సును లాక్కుపోయింది. అద్దానికి వేలాడుతున్న కట్టను నేను ఇంటికి తెచ్చాను. అప్పటికది తాడులా అయింది. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పొద్దంత తుమ్మికూర అమ్మినోడు ఇంటికి తెచ్చేది గిదా?" అంది. అయినా వండింది. పేరు వెనక కథ అంతా చెబుతూ తిన్నాను. "చేదు తెల్వకుండ తిన్నవంటే కథ మంచిగనే ఉన్నట్టున్నది" అని ఒప్పుకుంది.

కాని పండుగంతా నా మనసు ఒకచోటే ఉంది. బస్తా చేరిందా? అవ్వ ఫోన్ నంబరు నా దగ్గర లేదు. ఉన్నది లారీ నంబరు, దానితో ఏం చేస్తాను?

పండుగ మరునాడు మాకు వేరే బస్సిచ్చారు. హైదరాబాదు నుంచి తిరుగు ట్రిప్పుకు బయలుదేరే వేళ, ఎవరో బయటనుంచి బస్సు రేకు మీద ధన ధన బాదారు. చూస్తే అవ్వ. భుజం మీద ఖాళీ గోనె, చేతిలో స్టీలు డబ్బా.

"మీ బండి అని ఎట్ల గుర్తుపట్టాల్నే? కొత్త దాంట్ల పెట్టిన్రు మిమ్ముల?" అంటూ ఎక్కి, భాయ్ వెనక సీట్లో కూర్చుంది.

"చేరినవా అవ్వా? కూర?" అని ఇద్దరం ఒక్కసారే అడిగాం.

చేరింది. లారీలను పగలు ఊళ్లోకి రానివ్వరు కాబట్టి ఆయన ఊరి అంచున ఆపి, ఆటో మాట్లాడి, బస్తా తనే మోసుకొచ్చి ఆటోలో పెట్టాడట. ఒక గుప్పెడు పూలు కాగితంలో కట్టుకొని పోయాడట, వాళ్ల అమ్మకు చూపిస్తానని. అవ్వ వెళ్లేసరికి వాళ్లు పనుల మీది నుంచి అడ్డ పక్కనున్న గుడిసెలకు అప్పుడే తిరిగి వస్తున్నారు. సిమెంటు చేతులతోనే గోనె విప్పారు. పై వరస వడలిపోయింది, లోపలిదంతా బాగుందట. రాత్రి అక్కడే పడుకొని, పండుగ నాడు వాళ్లతోనే వండించి, వాళ్లతోనే తిన్నది.

"మీకు గూడ పంపిన్రు. బస్సోళ్లకు ఇయ్యమన్నరు" అని డబ్బా మూత తీసింది. పెసరపప్పుతో తుమ్మికూర. చల్లారిపోయింది. నిన్నటిది, చేదు ఇంకా ఎక్కువైంది. భాయ్ ఇంజను ఆపి వెనక్కి తిరిగి చెయ్యి చాపాడు. ఇద్దరం ఆ డబ్బాలోంచే తిన్నాం. ప్రయాణికులు "పోనియ్యుండ్రి సారూ" అంటున్నా వినలేదు.

"ఇంకేమన్నరు అవ్వా నిన్ను జూసి?" అని అడిగాను.

"ఏమంటరు? అంత దూరం నుంచే చూసి, 'తుమ్మవ్వొచ్చింది, తుమ్మవ్వ బతికే ఉన్నదిరో' అని లొల్లి లొల్లి చేసిన్రు."

"తుమ్మవ్వ అంటరా నిన్ను?"

"మరేమంటరు? నా పేరేందో ఆళ్లకు ఎర్కనే లేదు."

ఇన్నేళ్లలో నేనెప్పుడూ ఆమె పేరు అడగలేదన్న సంగతి నాకప్పుడే తట్టింది. అడగబోయాను. భాయ్ నాకన్నా ముందు అడిగేశాడు, అయితే పాత ప్రశ్నే. "ఇగ ఆఖరుసారి అడుగుతున్న అవ్వా. నువ్వే తుమ్మవ్వవు, నీకు తెల్వక ఎవలకు తెలుస్తది? తుమ్మికి తుమ్మని పేరు ఎవలు పెట్టిన్రు?"

ఆమె డబ్బా అడుగున మిగిలింది వేలితో గీకి నోట్లో వేసుకొని, మూత బిగించింది.

"నాకు పేరు పెట్టింది గా కూర. గా కూరకెవలు పెట్టిన్రో నాకేమెర్క బిడ్డా? బండి తియ్యి."

భాయ్ బండి తీశాడు. నేను టికెట్ కొట్టి ఆమె చేతికిచ్చి, సీట్లో కూర్చొని డైరీ తెరిచాను. పండుగ ముందురోజు పేజీలో "దిగలేదు" అని రాసిన చోట, పక్కనే చిన్న అక్షరాలతో "దిగింది" అని రాసుకున్నాను.